ఐజీఐ మొదటి మిషన్ దగ్గరే ఆగిపోయిన తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు. "చిన్నప్పుడు నెట్ సెంటర్లో ఐజీఐ అనే కంప్యూటర్ తుపాకీ ఆట బాగా ఆడేవాణ్ణి, ఐదో ఆరో మిషన్ దాకా వెళ్ళినట్టు గుర్తు, ఇప్పుడు ముప్పై మూడేళ్ళొచ్చాక మళ్ళీ వేసుకుంటే మొదటి మిషన్లోనే పదకొండు సార్లు చచ్చాను, చేతులు మొద్దుబారాయా అన్నా, చీట్ కొట్టేయనా, లేక రెండో భాగానికి పోనా" అని అడిగావు. నీ చేతులు బాగానే ఉన్నాయి. ఆరో మిషన్ దాకా వెళ్ళింది మాత్రం బహుశా నువ్వు కాదు, నీకంటే ముందు ఆ సిస్టమ్ మీద కూర్చుని లేచిపోయినవాడు.

ఎలా చెప్పగలనంటే, 2003 నుంచి 2007 దాకా ఖమ్మంలో ఒక నెట్ సెంటర్ నేనే చూసుకునేవాణ్ణి. ఓనర్ వేరే. పొద్దున షట్టర్ ఎత్తడం, నోటు పుస్తకంలో టైము రాయడం, ప్రింట్లు తీయడం, ఎంసెట్ రిజల్ట్స్ రోజు సైటు తెరుచుకోక అందరి చేతా తిట్లు తినడం, రాత్రి షట్టర్ దించడం, ఇదీ నా పని. ఎనిమిది సిస్టమ్‌లు ఉండేవి, అందులో రెండింటికే గ్రాఫిక్స్ కార్డు. ఆ రెండింటి కోసం సాయంత్రం బడి వదిలాక కొట్లాటలు జరిగేవి. ఐజీఐలో ఒక మిషన్ పూర్తయితే అది ఆ కంప్యూటర్లోనే గుర్తుంటుంది కదా, కాబట్టి నాలుగో నంబర్ సిస్టమ్ మీద ఎవడో ఒకడు ఐదు మిషన్లు దాటి ఉంచితే ఆ తర్వాత వచ్చిన ప్రతివాడూ తిన్నగా ఆరో మిషన్లో దిగేవాడు. పది నిమిషాలు ఆడి, చచ్చి, ఇంటికెళ్ళి ఆరో మిషన్ ఆడానని చెప్పుకునేవాడు. నెలకోసారి నేను ఫార్మాట్ కొట్టి విండోస్ కొత్తగా వేసినప్పుడు అందరి మిషన్లూ పోయేవి. ఆరోజు నా మొహం చూసినవాడు లేడు, అంత కోపం పిల్లలకు.

కాబట్టి పోలిక పెట్టుకోవడం మానెయ్. నాలుగేళ్ళలో మా సెంటర్లో ఈ ఆటను చీట్, అంటే అడ్డదారి కోడ్, లేకుండా పూర్తిచేసినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. నేను వాళ్ళలో లేను. నేను పూర్తిచేసింది 2020లో, లాక్‌డౌన్‌లో షాపు మూసుకుని ఇంట్లో కూర్చున్నప్పుడు. అప్పుడు తెలిసిన విషయం ఒకటుంది, నీకు అసలు జవాబు అదే. ఈ ఆటను మనం చిన్నప్పుడు కష్టంగా ఆడాం గానీ, ఈ ఆటను ఆడలేదు. సగం ఆట మనకు అందనే లేదు.

మొదటిది బ్రీఫింగ్. ప్రతి మిషన్ ముందు అన్యా అనే ఆవిడ ఏం చేయాలో చెబుతుంది, తెర మీద రాసి కూడా ఉంటుంది. మనం ఏం చేసేవాళ్ళం? ఎస్కేప్ నొక్కేవాళ్ళం. ఇంగ్లీషు, అందులోనూ ఆ యాస, పైగా గంటకు ఇరవై రూపాయలు నడుస్తుంటే ఎవడు వింటాడు. కథ ఏంటో నాకు ముప్పై ఏడేళ్ళొచ్చేదాకా తెలియదంటే నమ్ము. ఆటలో మనం నడిపే డేవిడ్ జోన్స్ ఎస్ఏఎస్ అనే బ్రిటిష్ సైన్యపు ప్రత్యేక దళంలో పనిచేసి వచ్చినవాడు, దొంగిలించిన అణుబాంబు ఒకటి ఎక్కడుందో ప్రిబోయ్ అనే ఆయుధాల దళారికి తెలుసు, వాడు ఎస్టోనియాలో బందీగా ఉన్నాడు, వాణ్ణి పట్టుకురావాలి, చివరికి ఎక్ అనే ఆమె అడ్డం వస్తుంది. మా పిల్లలైతే అది పాకిస్తాన్ బార్డర్ అని ఖాయం చేసేశారు. బార్డర్ క్రాసింగ్ అనే మిషన్ పేరు చదివి ఇంకా గట్టిగా నమ్మారు. ఐజీఐ అంటే ఏంటని అడిగితే ఒకడు ఇందిరా గాంధీ ఇంటర్నేషనల్ అన్నాడు, ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ పేరు పేపర్లో చూసి. అసలు దానర్థం "నేను లోపలికి వెళ్తున్నా" అని. ఇంగ్లీషులో "ఐయామ్ గోయింగ్ ఇన్", ఆ మూడు మాటల మొదటి అక్షరాలే ఆట పేరు.

సరే, కథ తెలియకపోతే కొంప మునిగేదేమీ లేదు. కానీ ఆ బ్రీఫింగ్‌లోనే ఎటు వెళ్ళాలో, ముందు ఏది ఆపాలో, చివర్లో ఎక్కడికి చేరాలో ఉంటుంది. పిల్లలు చదవకుండా దిగి, కనిపించిన ప్రతివాణ్ణీ కాల్చి, అందరూ చచ్చాక కూడా మిషన్ ఎందుకు అవ్వట్లేదని కౌంటర్ దగ్గరికొచ్చి "అన్నా గేమ్ హ్యాంగైంది" అనేవాళ్ళు. హ్యాంగ్ కాలేదు, ఎక్కడో ఒక గదిలో ఒక కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి నిలబడాలి, అంతే.

రెండోది నాకే సిగ్గనిపించే విషయం, శబ్దం. మా సెంటర్లో హెడ్‌ఫోన్లు వారానికి ఒకటి చొప్పున తెగేవి, ఓనర్ కొనిచ్చేవాడు కాదు, స్పీకర్లు పెడితే మెయిల్ చూసుకునే పెద్దవాళ్ళు గొడవ. కాబట్టి అందరూ మూగ ఆట ఆడారు. 2020లో మొదటిసారి మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఈ ఆట ఆడితే, అబ్బ, ఇది వేరే ఆట. గాలి శబ్దం, దూరంగా రైలు, కంకర మీద బూటు చప్పుడు. గోడ అవతల గార్డు నడుస్తుంటే ఎటు నుంచి ఎటు పోతున్నాడో చెవికి తెలిసిపోతుంది. చిన్నప్పుడు మనకు మూల తిరగ్గానే ఎదురుపడి కాల్చేసేవాడే, వాడు రెండు సెకన్ల ముందే తన రాక చెబుతూ వచ్చాడన్నమాట. నువ్వు లాప్‌టాప్ స్పీకర్ మీద ఆడుతున్నావా? అయితే ఈ పూటకు ఆపేసి ముందు హెడ్‌ఫోన్ తెచ్చుకో. మిగతాదంతా తర్వాత.

మూడోది గడియారం. ఈ ఆటలో మిషన్ మధ్యలో సేవ్ లేదు, నీకు తెలుసు. నలభై నిమిషాలు పాకుతూ పోయి చివరి గేటు దగ్గర ఒక్క తూటా తగిలితే మళ్ళీ మొదటికి. ఇరవై రూపాయలకు గంట ఆడేవాడికి అదెంత నరకమో చెప్పక్కర్లేదు. అందుకే పరిగెత్తేవాళ్ళం, పరిగెడితే చచ్చేవాళ్ళం, మళ్ళీ మొదటినుంచి కాబట్టి ఇంకా వేగంగా పరిగెత్తేవాళ్ళం. నువ్వు ఇప్పుడు నీ ఇంట్లో నీ సొంత కంప్యూటర్ మీద కూర్చుని కూడా అదే పరుగు పరిగెడుతున్నావు, నీ ప్రశ్నలో "గేటు నుంచి లోపలికి దూసుకెళ్ళాక" అని రాశావు చూడు, అక్కడే దొరికిపోయావు. గేటు నుంచి దూసుకెళ్ళమని ఎవడు చెప్పాడు నీకు?

ఇప్పుడు ఆటలోని అసలు మెలిక చెబుతాను, ఇది తెలిస్తే చాలా చావులు అర్థమవుతాయి. దీన్ని చేసింది నార్వేలో ఓస్లోకు చెందిన ఇన్నర్‌లూప్ స్టూడియోస్, ఈడోస్ అనే కంపెనీ 2000 డిసెంబర్‌లో విడుదల చేసింది. ఆ స్టూడియో అంతకుముందు 1997లో జాయింట్ స్ట్రైక్ ఫైటర్ అని యుద్ధ విమానం నడిపే ఆట చేసింది, ఐజీఐని ఆ ఇంజిన్ మీదే, అంటే ఆటను నడిపే ఆ ప్రోగ్రామ్ మీదే కట్టారు. విమానం ఆటకు కిలోమీటర్ల కొద్దీ నేల కావాలి కదా, అందుకే ఐజీఐలో కొండలు, మైదానాలు అంత దూరం కనిపిస్తాయి. ఆ రోజుల్లో మిగతా తుపాకీ ఆటలు చాలావరకు గదులు, వరండాలు, ఇంకో గది. ఇక్కడ మాత్రం ఒక కొండ మీద నిలబడితే కింద స్థావరం మొత్తం పళ్ళెంలో పెట్టినట్టు ఉంటుంది. అందం అదే, ప్రమాదమూ అదే. నీకు వాళ్ళు కనిపిస్తే వాళ్ళకు నువ్వూ కనిపిస్తావు. చిన్నప్పుడు "ఎక్కడ్నుంచో కొట్టాడు అన్నా" అని ఏడ్చేవాళ్ళే, ఆ ఎక్కడ్నుంచో అనేది తొంభై శాతం వాచ్ టవర్ మీద ఉన్నవాడు. నీ పదకొండు చావుల్లో సగం వాడి ఖాతాలోనివే అని పందెం కడతాను.

కాబట్టి దిగగానే తుపాకీ పట్టుకోకు. బైనాక్యులర్ తియ్. మోకాళ్ళ మీద కూర్చుని ఐదు నిమిషాలు కేవలం చూడు, ఒక్క అడుగు వేయొద్దు. టవర్లు ఎన్ని, మనుషులు ఎక్కడెక్కడ, ఎవడు నిలబడి ఉన్నాడు ఎవడు తిరుగుతున్నాడు, తిరిగేవాడు ఎంతసేపటికి వెనక్కొస్తాడు. తర్వాత మ్యాప్ కంప్యూటర్ తెరువు, అది ఉపగ్రహం నుంచి పై చూపు, దగ్గరికి లాగి చూస్తే మనుషులు కదలడం కూడా కనిపిస్తుంది. దాన్ని మాత్రం చాటున కూర్చునే తెరువు, నువ్వు మ్యాప్‌లో మునిగి ఉన్నప్పుడు ఆట నీకోసం ఆగదు. నేను ఒక పాత డైరీలో ప్రతి మిషన్‌కూ బొమ్మ గీసుకున్నాను, నవ్వుకున్నా సరే. మా ఆవిడ అది చూసి ఎవరిదైనా ఇంటి ప్లానా అని అడిగింది, చూట్టానికి వాస్తు కూడా బాగుందంది.

తర్వాత దారి. రోడ్డు, గేటు, ముందు తలుపు, వీటిని శత్రువు కోసం వదిలెయ్. కంచె వెంట చుట్టూ తిరిగితే గేటు కంటే మంచి చోటు ఒకటి దొరుకుతుంది, భవనాల వెనక నిచ్చెనలు ఉంటాయి, కొన్నిచోట్ల తీగ పట్టుకుని జారిపోవచ్చు. నిచ్చెన దగ్గర ఒక జాగ్రత్త. ఎక్కేటప్పుడు కెమెరా వెనక్కి జరిగి జోన్స్ వీపు కనిపిస్తుంది, ఆ సమయంలో కాల్చలేవు. కింద ఎవడైనా మిగిలి ఉంటే గోడ మీది బల్లిని కొట్టినట్టు కొడతాడు. ఎక్కే ముందు చెవితో విను. తాళం తీసేటప్పుడూ, కంప్యూటర్ హ్యాక్ చేసేటప్పుడూ ఇదే సంగతి, గీత నిండేదాకా కదలకుండా నిలబడాలి, ఆ కొన్ని సెకన్లు నీ వెనక ఖాళీగా ఉందని ముందే ఖాయం చేసుకోవాలి.

కెమెరాలు. మనవాళ్ళు కెమెరా అంటే లెక్కే చేసేవాళ్ళు కాదు, కెమెరా కాల్చదు కదా అని. అది కాల్చదు, కాల్చేవాళ్ళను పిలుస్తుంది. అలారం మోగిందంటే బ్యారక్స్‌లోంచి మనుషులు వస్తూనే ఉంటారు, నీ దగ్గర తూటాలు అయిపోతాయి గానీ వాళ్ళు అయిపోరు. చాలాచోట్ల సెక్యూరిటీ కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి కెమెరాలు ఆపేయొచ్చు. ముందు అది, తర్వాత మిగతా పని.

తుపాకుల మోజు కూడా తగ్గించుకో. మా సెంటర్లో ఏకే-47 దొరికితే పండగ, స్పాస్ అనే షాట్‌గన్ దొరికితే పెళ్ళి. రెండూ ఊరంతా లేపుతాయి. సైలెన్సర్ ఉన్న ఎంపీ5 ఎస్‌డీ దొరికిన చోట దాన్ని పెళ్ళానికంటే జాగ్రత్తగా చూసుకో (ఈ వాక్యం మా ఇంట్లో ఎవరూ చదవరనే ధైర్యంతో రాశాను). డ్రాగునోవ్ అనే స్నైపర్ తుపాకీ చేతికొస్తే టవర్ల సంగతి దూరం నుంచే తేలిపోతుంది, కానీ ఒక్కో గుండుకూ చోటు మారు. ప్రాణం తనంతట తాను తిరిగి నిండే ఇప్పటి ఆటల అలవాటు ఇక్కడ పనికిరాదు, పోయింది పోయినట్టే, మందు సూది దొరికితేనే కొంచెం వస్తుంది. ఆ సూదిని పది శాతం గాయానికి వాడేసి తర్వాత ఏడవొద్దు.

ఇంతా చెప్పాక ఆటను నెత్తిన పెట్టుకుంటానని అనుకోకు. దీన్లో అన్యాయాలున్నాయి, వాటిని నీ తప్పులతో కలిపి లెక్కేసుకుంటే పిచ్చెక్కుతుంది. గార్డుల బుర్ర చాలా బలహీనం. ఒకడి పక్కనే ఇంకొకణ్ణి సైలెన్సర్‌తో పడేస్తే పక్కవాడు వాతావరణం బాగుందన్నట్టు నిలబడే ఉంటాడు, అదే మనిషి ఇంకోసారి మైలు దూరం నుంచి నిన్ను పసిగట్టి గురిచూసి కొడతాడు. నువ్వు ఇప్పుడే శుభ్రం చేసి వచ్చిన ఖాళీ గదిలోంచి కొత్తవాళ్ళు బయటికొస్తారు, గోడలోంచి పుట్టారా అనిపిస్తుంది. మధ్యలో సేవ్ లేకపోవడాన్ని అప్పట్లో బయటి దేశాల సమీక్షకులు కూడా గట్టిగానే తిట్టారు, మన నెట్ సెంటర్ పిల్లలే కాదు. 2003లో వచ్చిన రెండో భాగం కోవర్ట్ స్ట్రైక్‌లో లెక్కపెట్టి కొన్ని సేవ్‌లు ఇచ్చారంటే తప్పు తెలుసుకున్నట్టే కదా.

నేను వాడిన పద్ధతి ఒకటే. చచ్చిన ప్రతిసారీ డైరీలో ఒక్క ముక్క రాశాను, ఎవడు చంపాడు, వాడు అక్కడ ఉన్నట్టు నాకు ముందే తెలుసా తెలియదా. తెలిసి చస్తే అది నా తొందర. తెలియక చస్తే అది ఆట నేర్పిన సంగతి, మరుసటిసారి వాడు అక్కడే ఉంటాడు, నాకు తెలుసు. గోడలోంచి పుట్టినవాడు చంపితే అది ఆట తప్పు, దానికి ఒక కప్పు టీ తాగి మళ్ళీ మొదలుపెట్టడమే. మొదటి మిషన్‌కు నాకు ఆరు చావులు పట్టాయి, అందులో నాలుగు నా తొందరే. అందరికంటే ఎక్కువ పట్టింది ప్రిబోయ్‌ను కాపాడే మిషన్‌కు, అక్కడ నువ్వు నిక్షేపంగా బతికి ఉన్నా వాడు పోతే మిషన్ పోయినట్టే, వాడేమో మనకు సహాయం చేసే రకం కాదు. ఆ ఒక్కదానికి మూడు రాత్రులు. మూడో రాత్రి ఒంటిగంటన్నరకు అయిపోయినప్పుడు అరిచిన అరుపుకు పక్క ఇంటాయన లైటు వేశాడు. మొత్తం పద్నాలుగు మిషన్లకు దగ్గర దగ్గర రెండు నెలలు పట్టింది, రోజూ కాదు, పిల్లలు పడుకున్నాక ఆడిన రోజులే.

చీట్ సంగతి అడిగావు. కొట్టుకో, పాపమేమీ కాదు, కానీ ఒక మిషన్ కనీసం సొంతంగా దాటాక కొట్టు. మెయిన్ మెనూలో ఎన్, ఏ, డీ, ఏ అని నాలుగక్షరాలు కొడితే చీట్లకు తలుపు తెరుచుకునేది, గుర్తుందా? మా సెంటర్లో దాన్ని నాడా అనేవాళ్ళు, పైజామా నాడా లెక్కన. "అన్నా, నాలుగో సిస్టమ్‌కు నాడా కట్టవా" అని చిన్నపిల్లాడు కౌంటర్ దగ్గరికొచ్చి గట్టిగా అడిగితే ప్రింట్ కోసం నిలబడ్డ లెక్చరర్ గారు వాడి నిక్కరు వైపు చూసేవారు. చీట్ పెట్టి తిరిగితే ఒక లాభం ఉంది, స్థావరం అంతా తీరిగ్గా చూసి రావచ్చు. చూసొచ్చి చీట్ తీసేసి మళ్ళీ ఆడు. దీన్ని మోసం అనుకోకు, మధ్యలో సేవ్ ఇవ్వని ఆటతో ఆ మాత్రం బేరం ఆడొచ్చు.

కొత్త విండోస్‌లో తెర మిణుకుతోందని, బొమ్మ సాగినట్టుందని కూడా రాశావు. పాత డైరెక్ట్‌ఎక్స్ ఆటలకు డీజీవూడూ అని ఒక చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఉంది, దాని ఫైళ్ళు ఆట ఫోల్డర్‌లో వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. నేను షాపులో పాత ఆటలు అడిగినవాళ్ళకు అదే వేసిస్తాను. మౌస్ స్పీడు మాత్రం బాగా తగ్గించుకో, మన కాలపు రబ్బరు బంతి మౌస్‌లకు సరిపెట్టుకున్న చేతికి ఇప్పటి మౌస్ తాకితే చాలు జోన్స్ బొంగరంలా తిరుగుతాడు. నీ చావుల్లో ఒకటి రెండు దీనివల్ల కూడా అయ్యుంటాయి.

రెండో భాగానికి ఇప్పుడే పోకు. అది మెత్తగా ఉంటుంది, సేవ్ ఉంది, బొమ్మలు బాగుంటాయి, కానీ అది ఆడాక మొదటిదానికి వెనక్కి రాలేవు, నా దగ్గర వేయించుకున్నవాళ్ళందరిదీ ఇదే కథ. కొత్తది వస్తుందేమోనని ఎదురుచూడక్కర్లేదు కూడా, ఐజీఐ ఆరిజిన్స్ అని 2019లో ప్రకటించారు, నేనూ ఆశపడ్డాను, 2023లో దాన్ని ఆపేశారు. కాబట్టి ఉన్నది నీ దగ్గర ఉన్నదే. హెడ్‌ఫోన్ తెచ్చుకుని, బ్రీఫింగ్ రెండుసార్లు చదివి, ఆ టవర్ మీద ఉన్నవాడి సంగతి ముందు చూడు. పన్నెండోసారి ఎవడు చంపాడో వచ్చి చెప్పు.